షిర్డీ ప్రయాణంలో నాసిక్‌కు రెండు రోజులు: గుహలు, గోదావరి, ద్రాక్షతోటలు

ఫిబ్రవరిలో విశాఖపట్నం నుంచి అమ్మానాన్నలతో, పన్నెండేళ్ల అమ్మాయితో షిర్డీ వెళ్తున్నామని, తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు మిగులుతున్నాయని రాశారు. నాసిక్‌లో గుళ్లు కాకుండా చూడదగినవి ఏమున్నాయని, ఇంట్లో ఎవరూ మద్యం ముట్టరు కాబట్టి ద్రాక్షతోటల వైపు వెళ్లడం సబబేనా అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి, రెండు రాత్రులు నాసిక్‌లోనే బస చేయండి. మొదటి రోజు ఉదయం పాండవ్‌లేణి గుహలు, సాయంత్రం పంచవటి చూడండి. రెండో రోజు తెల్లవారుజామునే త్ర్యంబకేశ్వరం వెళ్లి, తిరుగుదారిలో గంగాపూర్ వైపు మళ్లి ద్రాక్షతోటలు చూసి ఊళ్లోకి రండి. మద్యం ముట్టనివారు ద్రాక్షతోటకు వెళ్లడంలో ఇబ్బంది ఏమీ లేదు. అది ముందుగా ఒక సేద్యం, ఆ తర్వాతే పానీయం. నేను విశాఖలో చరిత్ర అధ్యాపకుడిగా పని చేసి విరమించాను. విద్యార్థులతో, ఆ తర్వాత బంధుమిత్రుల కుటుంబాలతో నాసిక్‌కు పద్నాలుగు సార్లు వెళ్లాను. మనవాళ్లలో చాలామంది ఈ ఊరిని షిర్డీకి అనుబంధంగా భావించి, త్ర్యంబకేశ్వరంలో దర్శనం చేసుకుని అదే పూట వెనుదిరుగుతారు. ఆ తొందరలో వారు వదిలేసి వస్తున్నవాటిలో కొన్ని మన చరిత్రకు చెందినవే కావడం నాకు బాధ కలిగిస్తుంది.

గుహలను మొదట ఎందుకు పెట్టానో చెబుతాను. ఊరి నడిబొడ్డు నుంచి ముంబై రోడ్డు మీద సుమారు ఎనిమిది కిలోమీటర్లు వెళితే త్రిరశ్మి కొండ వస్తుంది. కొండ నడుముకు వడ్డాణం చుట్టినట్లు ఇరవై నాలుగు బౌద్ధ గుహలు వరుసగా ఉంటాయి. పాండవ్‌లేణి అన్న పేరు తర్వాతి కాలంలో వచ్చింది, పాండవులతో వీటికి సంబంధం లేదు. మీరు భీమిలి దారిలో తొట్లకొండను, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండను చూసి ఉంటారు. వానాకాలంలో భిక్షువులు సంచారం మాని ఒకే చోట ఉండే వర్షావాసం ఆచారమే అక్కడా ఇక్కడా విహారాలకు మూలం. తొట్లకొండలో గోడల పునాదులే మిగిలాయి. నాసిక్‌లో రాతిని తొలిచారు కాబట్టి గది, గదిలోని పడక అరుగు, వాకిలి, స్తంభాల మీది జంతువుల బొమ్మలతో సహా చాలా భాగం నిలిచి ఉంది. తొట్లకొండలో మనం ఊహించుకోవలసినదాన్ని ఇక్కడ కళ్లారా చూడవచ్చు.

మూడో గుహ దగ్గర మీరు కనీసం అరగంట ఆగాలి. అక్కడి గోడ మీద గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రాకృత శాసనం ఉంది. ఆమె గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి. కొడుకు చనిపోయాక, మనుమడు వాసిష్ఠీపుత్ర పులుమావి పాలనలో పంతొమ్మిదో ఏట ఆ గుహను భిక్షువులకు దానం చేస్తూ, కొడుకు గుణగణాలను ఆ తల్లి రాతిలో చెక్కించింది. మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలు కలవాడని, క్షహరాత వంశాన్ని నిర్మూలించినవాడని, శాతవాహన కుల కీర్తిని తిరిగి నిలబెట్టినవాడని అందులో ఉంది. ధాన్యకటకం, అమరావతి పేర్లతో మనం చదువుకున్న శాతవాహనుల గురించిన అతి ముఖ్యమైన సాక్ష్యాలలో ఇది ఒకటి. ఒకసారి మా విద్యార్థులలో ఒక అమ్మాయి ఆ గోడ ముందు నిలబడి, "మాస్టారూ, ఇది తల్లి రాయించిన స్మృతిపత్రం కదండీ" అంది. అంతకంటే సరిగ్గా ఆ శాసనాన్ని నేను ఎన్నడూ వివరించలేకపోయాను. ఒక జాగ్రత్త చెప్పాలి. ఆమె పేరులోని గౌతమి గోత్రాన్ని బట్టి వచ్చింది. గోదావరికి గౌతమి అనే పేరు ఉంది కాబట్టి నదిని బట్టి ఆ పేరు పెట్టారని స్థానికంగా ఎవరైనా చెబితే దాన్ని చరిత్రగా తీసుకోవద్దు.

ఆ శాసనం చెప్పే క్షహరాతులు ఎవరో తెలుసుకోవడానికి పదో గుహకు వెళ్లాలి. ఆ వంశానికి చెందిన క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు తొలిపించిన గుహ అది. అతడు భిక్షువుల కోసం మూడు వేల కహాపణాలు, అంటే ఆనాటి నాణేలు, శాశ్వత నిధిగా ఇచ్చాడు. ఆ సొమ్మును గోవర్ధనంలో ఉన్న రెండు నేతగాళ్ల శ్రేణుల దగ్గర, అంటే వృత్తి సంఘాల దగ్గర, వడ్డీకి ఉంచాడు. ఒక శ్రేణి దగ్గర రెండు వేలు, నెలకు నూటికి ఒకటి వడ్డీ. మరొక శ్రేణి దగ్గర వెయ్యి, నెలకు నూటికి ముప్పాతిక వడ్డీ. అసలు ముట్టకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి. మొదటి నిధి నుంచి, తన గుహలో వర్షావాసం చేసే ఇరవై మంది భిక్షువులకు ఒక్కొక్కరికి పన్నెండు కహాపణాల చొప్పున వస్త్రాలకు ఇవ్వాలి. మీ అమ్మాయి చేత లెక్క కట్టించండి. రెండు వేలకు నెలకు ఇరవై, ఏడాదికి 240. ఇరవై మందికి పన్నెండు చొప్పున సరిగ్గా 240. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రాతి మీద రాసిన పద్దు పైసా తేడా లేకుండా సరిపోవడం చూసినప్పుడు పిల్లల ముఖంలో వెలుగు కనిపిస్తుంది. నేను తీసుకెళ్లిన ప్రతి బృందంలోనూ దీన్ని చూశాను.

అల్లుడి గుహకు, తల్లి శాసనానికి మధ్యకాలంలో నహపానుడికి, గౌతమీపుత్రుడికి జరిగిన యుద్ధానికి మరొక సాక్ష్యం కూడా ఉంది. నాసిక్ దగ్గరి జోగల్‌థెంబీలో 1906లో ఒక నాణేల కుండ బయటపడింది. అందులో నహపానుడి వెండి నాణేలు 13 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మీద గౌతమీపుత్రుడు తన ముద్రను మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు సొమ్మును కరిగించకుండా, దాని మీదే తన గుర్తు వేసి చలామణీలో పెట్టాడన్నమాట. త్ర్యంబకం దారిలో అంజనేరి వద్ద నాణేల పరిశోధన సంస్థ, దాని ప్రదర్శనశాల ఉన్నాయి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే రెండో రోజు అక్కడ ఒక గంట ఆగవచ్చు. అంజనేరి కొండను అక్కడివారు హనుమంతుడి జన్మస్థలంగా కొలుస్తారు. మనకు తిరుమల అంజనాద్రి ఉంది. పెద్దవారితో వెళ్తున్నారు కాబట్టి అక్కడ వాదనకు దిగకుండా దండం పెట్టుకుని రావడం మంచిది.

గుహలకు చేరడానికి సుమారు రెండు వందల మెట్లు ఎక్కాలి. మీ నాన్నగారి మోకాళ్లు బాగుంటే ఉదయం ఎనిమిదింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి. పది దాటితే రాయి వేడెక్కుతుంది. ఎక్కలేకపోతే ఆయనను కింద చెట్ల నీడన కూర్చోబెట్టండి. దాదాసాహెబ్ ఫాల్కే స్మారక ఉద్యానవనం కూడా ఆ పక్కనే ఉంది. భారతీయ సినిమాకు ఆద్యుడైన ఫాల్కే 1870లో త్ర్యంబకంలోనే పుట్టారు.

సాయంత్రానికి పంచవటి చేరండి. శూర్పణఖ ముక్కు, అంటే నాసిక, లక్ష్మణుడు ఖండించిన చోటు కాబట్టి నాసిక్ అయిందని స్థలపురాణం. తొమ్మిది శిఖరాల ఊరు కాబట్టి ఆ పేరు వచ్చిందని మరొక వాడుక ఉంది. మొగలుల కాలంలో దీన్ని గుల్షనాబాద్ అన్నారు, పీష్వాల కాలంలో పాత పేరు తిరిగి వచ్చింది. 1818లో ఊరు ఆంగ్లేయుల చేతికి పోయింది. మా అమ్మను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు సీతా గుహ ముందు ఆగి, "పర్ణశాల భద్రాచలం దగ్గర కదరా?" అని అడిగింది. మీ అమ్మగారూ అడగవచ్చు. ఒకే నదికి ఎగువన వారు, దిగువన మనం ఒకే కథను మన నేలకు తెచ్చుకున్నాం. ఆ రోజు ఆమెకు ఇదే చెప్పాను, ఆమె రెండు చోట్లా దీపం పెట్టింది.

పంచవటిలో తప్పక చూడవలసినది కాలారాం మందిరం. 18వ శతాబ్దం చివరలో సర్దార్ రంగారావు ఓఢేకర్ నల్లరాతితో కట్టించాడు. శిల్పం కంటే కూడా దాని తూర్పు వాకిలి ముందు జరిగిన సంఘటన కోసం ఈ గుడిని చూడాలని నేను కోరతాను. 1930 మార్చి 2న డాక్టర్ అంబేడ్కర్ నాయకత్వంలో వేలాది దళితులు ఈ గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి పోరాడినా తలుపులు తెరుచుకోలేదు. 1935 అక్టోబరులో ఇదే జిల్లాలోని యేవలాలో, తాను హిందువుగా మరణించబోనని అంబేడ్కర్ ప్రకటించారు. ఆ రెండు ఊళ్ల మధ్య ఉన్న ఐదేళ్ల దూరం ఆధునిక భారతదేశ చరిత్రలో చాలా పెద్దది. అమ్మాయికి ఆ గడప ముందే ఈ సంగతి చెప్పండి, పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివినప్పటికంటే బాగా మనసులో నిలుస్తుంది. యేవలా షిర్డీ నుంచి మన్మాడ్ వెళ్లే దారిలోనే ఉంది. పైఠణీ చీరలు నేసే ఊరు కాబట్టి అమ్మగారికి మగ్గాలు చూపించవచ్చు.

పంచవటిలోని గోదావరి స్నానఘట్టం రామకుండం దగ్గర చీకటి పడేదాకా ఉండండి. ఎదురుగా నారోశంకర మందిరం గోడ మీద ఉన్న పెద్ద కంచు గంట, వసై కోటలో పోర్చుగీసువారిని మరాఠాలు 1739లో ఓడించిన గుర్తుగా వచ్చిందని చెబుతారు. అక్కడ గోదావరిని చూసి మీవాళ్లు నిరాశ పడే అవకాశం ఉంది. రాజమహేంద్రవరం దగ్గర మైళ్ల వెడల్పున చూసిన నది ఇక్కడ ఒక పెద్ద కాలువంత ఉంటుంది, ఫిబ్రవరిలో నీరూ తక్కువే. ఇది పుట్టింటి గోదావరి అని ముందుగానే చెప్పి తీసుకెళ్లండి.

త్ర్యంబకేశ్వరం నాసిక్‌కు పడమరగా ముప్పై కిలోమీటర్ల లోపు. ఇప్పటి గుడిని పీష్వా బాలాజీ బాజీరావు 18వ శతాబ్దం నడుమ కట్టించడం మొదలుపెట్టాడు. ఇక్కడ పానవట్టం మీద లింగం ఎత్తుగా ఉండదు. గుంటలో బొటనవేలంత మూడు లింగాలు బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులుగా ఉంటాయి, చాలామందికి ఇది తెలియక వెతుక్కుంటారు. వెనుకనున్న బ్రహ్మగిరి మీద గోదావరి పుట్టి, దాదాపు 1,465 కిలోమీటర్లు నడిచి మన సముద్రంలో కలుస్తుంది. సోమవారం వెళ్లకండి, దర్శనానికి గంటల తరబడి నిలబడాలి. పూజల కోసం మిమ్మల్ని బస్సు దగ్గరే పట్టుకునేవారు ఉంటారు, ముందుగా ఖర్చు తేల్చుకోకుండా ఏదీ ఒప్పుకోవద్దు. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడే మనకు గోదావరి పుష్కరాలు, వారికి సింహస్థ కుంభమేళా వస్తాయి. 2015లో రెండూ అలాగే వచ్చాయి, మళ్లీ 2027లో వస్తున్నాయి. స్నానమే ఉద్దేశమైతే తప్ప ఆ నెలల్లో పెద్దవారిని తీసుకుని నాసిక్ వెళ్లవద్దని నా సలహా.

ఇక ద్రాక్ష. మీ ప్రశ్నలో అసలు సందేహం ఇదే కాబట్టి వివరంగా రాస్తాను.

విశాఖ పూర్ణామార్కెట్‌లో ఫిబ్రవరి, మార్చిలలో బుట్టలకొద్దీ కనిపించే ఆకుపచ్చ గింజలేని ద్రాక్ష మన దగ్గర ఎందుకు పండదు, నాసిక్‌లో ఎందుకు పండుతుంది అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఆ ప్రాంతం మొత్తం అర్థమవుతుంది. చల్లని దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మన ఉష్ణమండలంలో దానికి నిద్ర లేదు. అందుకే నాసిక్ రైతు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తాడు. కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో చేసే మొదటి కత్తిరింపు, కాయను మోసే కొమ్మల కోసం. వానలు వెనుకబడ్డాక సెప్టెంబరు, అక్టోబరులలో చేసే రెండో కత్తిరింపు పంట కోసం. రెండో కత్తిరింపు తర్వాత చిగురు, పూత వచ్చే వారాల్లో వాన పడకూడదు, పడితే బూజు తెగులు తోటను తినేస్తుంది. మన తీరంలో సరిగ్గా ఆ రోజులే తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మనకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. నాసిక్ సుమారు ఆరు వందల మీటర్ల ఎత్తున, పడమటి కనుమల వెనుక ఉంది. నైరుతి వాన అక్కడ త్వరగా తగ్గుతుంది. శీతాకాలపు రాత్రులు బాగా చల్లబడతాయి, నిఫాడ్ వైపు అయిదారు డిగ్రీలకు దిగిన రోజులున్నాయి. పగలు ఎండ, రాత్రి చలి ఉంటే కాయలో తీపి పెరుగుతూనే పులుపు నిలుస్తుంది. గంగాపూర్ వంటి జలాశయాల నీళ్లు, డ్రిప్ గొట్టాలు మిగతా పని చేస్తాయి. ఇంత అనుకూలత ఉన్నా ఫిబ్రవరిలో ఒక్క వడగళ్ల వాన ఏడాది కష్టాన్ని నేలపాలు చేయగలదు, అలా నష్టపోయిన తోటలను నేను కళ్లతో చూశాను.

నాసిక్ ద్రాక్ష అంతా వైన్‌కే పోతుందని అనుకోవడం పొరపాటు. అక్కడ పండేదానిలో అధిక భాగం మనం తినే పండే, అందులో మంచి రకం ఐరోపాకు ఎగుమతి అవుతుంది. దిండోరి, పింపళ్‌గావ్ బస్వంత్ వైపు వెళితే గుత్తి గుత్తికీ కాగితం తొడిగిన తోటలు కనిపిస్తాయి. ఎండకు కాయ రంగు మారకుండా ఆ ఏర్పాటు. వైన్ ద్రాక్ష వేరు. కాయ చిన్నది, తోలు మందం, గింజ ఉంటుంది, తింటే మనకు అంతగా నచ్చదు.

వైన్ కథ ఇక్కడ చాలా కొత్తది. రాజీవ్ సామంత్ 1990ల చివరలో కుటుంబ భూమిలో వైన్ ద్రాక్ష నాటారు. తల్లి సులభ పేరు మీద సులా అని పెట్టుకున్న వైనరీ నుంచి 2000లో మొదటి సీసాలు బయటికి వచ్చాయి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమ విధానం ప్రకటించి, పన్నులు తగ్గించాక మిగతావారూ వచ్చారు. గంగాపూర్ జలాశయం చుట్టూ యార్క్, సోమా, దిండోరి వైపు షాందోన్ వైనరీలు ఉన్నాయి. నాసిక్ వ్యాలీ వైన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

నన్ను అన్నిటికంటే కదిలించే సంగతి వేరే ఉంది. సులా తోట ఉన్న ఊరి పేరు గోవర్ధన్. ఉషవదాతుడు నేతగాళ్ల శ్రేణుల దగ్గర సొమ్ము ఉంచిన గోవర్ధనం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. మొదటి రోజు ఉదయం గోడ మీద చదివిన పేరును రెండో రోజు సాయంత్రం దారి పక్కన పలక మీద చూస్తారు. నేను సూచించిన వరుసను మార్చవద్దనడానికి ఇదొక్కటే కారణం చాలు.

వైనరీ లోపల చూపించేది ఒక చిన్న కర్మాగారం. కాయను చిదిపే యంత్రం, చల్లగా ఉంచిన స్టీలు ట్యాంకులు, ఓక్ చెక్క పీపాలు ఉంటాయి. రసంలోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు తయారు చేయడమే పులియడం. మన తాటికల్లులో జరిగేదీ అదే పని. తోలు తీసేసి రసం మాత్రమే పులియబెడితే తెల్లది, తోలుతో కలిపి పులియబెడితే ఎర్రది. ఎర్ర రంగంతా తోలులోనే ఉందని అమ్మాయికి చూపించాలంటే ఒక నల్ల ద్రాక్షను ఒలిచి చూపండి. రుచి చూడడం 21 ఏళ్లు నిండినవారికే. పిల్లలను లోపల ఎంతవరకు అనుమతిస్తారో ప్రతి చోటా నియమం వేరుగా ఉంటుంది కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. రుచి చూడకుండా తోట, కర్మాగారం చూసి వస్తామంటే ఎవరూ తప్పుగా అనుకోరు. ఒకసారి గాజువాక నుంచి మాతో వచ్చిన ఒక పెద్దాయన మొదట వాహనం దిగనన్నారు. పందిరి కింద గుత్తులు చూశాక, తన తండ్రి చేసిన జీడిమామిడి సేద్యంతో పోల్చుకుంటూ అక్కడి పనివాడిని గంటసేపు ప్రశ్నలు అడిగారు.

కాలం విషయంలో మీరు అదృష్టవంతులు. జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా తీగల మీద కాయ ఉంటుంది. ఒక ఏడాది ఆగస్టులో, ద్రాక్ష కోస్తారని ఒక ట్రావెల్స్ వారు చెప్పిన మాట నమ్మి బృందాన్ని తీసుకెళ్లాను. వానలో ఆకులు తప్ప ఏమీ లేవు, పిల్లలు చాలా చిన్నబుచ్చుకున్నారు. కొండలు, జలపాతాలు కావాలంటే వానాకాలం, ద్రాక్ష కావాలంటే ఫిబ్రవరి.

సీసాలు కొని తెచ్చుకోవద్దు. బంధువులు అడిగినా సరే. ఇతర రాష్ట్రాల మద్యాన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి తేవడంపై ఎక్సైజు నిబంధనలు కఠినంగా ఉన్నాయి. ఎండుద్రాక్ష తెచ్చుకోండి, నెలల తరబడి నిలుస్తుంది.

ప్రయాణం గురించి కొన్ని మాటలు. విశాఖ నుంచి షిర్డీకి వారానికి ఒక రైలు నేరుగా ఉంది. షిర్డీ నుంచి నాసిక్ రోడ్డు మార్గాన సుమారు తొంభై కిలోమీటర్లు, రెండున్నర గంటలు వేసుకోండి. రైలులో నాసిక్ వస్తే స్టేషన్ పేరు నాసిక్ రోడ్. కరెన్సీ నోట్లు ముద్రించే ప్రెస్సు ఉన్నది ఆ వైపే, అయితే అది సందర్శకులకు కాదు. అక్కడి నుంచి పంచవటి తొమ్మిది, పది కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి బసను స్టేషన్ దగ్గర కాకుండా పంచవటి వైపో, గంగాపూర్ రోడ్డు మీదో తీసుకోండి. ఫిబ్రవరి తెల్లవారుజామున విశాఖలో ఎన్నడూ చూడని చలి ఉంటుంది, పెద్దవారికి స్వెటర్లు, శాలువలు పెట్టండి. శని, ఆదివారాల్లో వైనరీలు ముంబై, పుణే నుంచి వచ్చేవారితో కిక్కిరిసి ఉంటాయి, కుటుంబంతో ప్రశాంతంగా చూడడం కుదరదు. అందువల్ల మంగళవారం గుహలు, పంచవటి, బుధవారం త్ర్యంబకం, గోవర్ధన్ తోటలు పడేలా షిర్డీ దర్శనం తేదీని ముందుకో వెనుకకో జరుపుకోండి.